పాత కారు డైనమో: మార్చే ముందు అర్థం చేసుకోవాలి

ఢిల్లీలో 1964 నుంచి జరుగుతున్న స్టేట్స్‌మన్ వింటేజ్ కార్ ర్యాలీలో జనం చూపంతా కార్ల మెరుపు మీద, హారన్ల మీద ఉంటుంది. బానెట్ కింద బెల్టుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోను చూసేవారు తక్కువ. అది పనిచేయకపోతే దాన్ని తీసేసి ఆల్టర్నేటర్ బిగించమనే సలహా వెంటనే దొరుకుతుంది. ఆ సలహా సులువైనదే కానీ, చాలాసార్లు అవసరం లేనిది.

డైనమోకు మూలం 1831లో ఫారడే కనుగొన్న సూత్రం. అయస్కాంత క్షేత్రంలో తిరిగే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఆర్మేచర్‌లో పుట్టే ఏసీని కమ్యుటేటర్, కార్బన్ బ్రష్‌లు కలిసి డీసీగా బయటికి పంపుతాయి. ఇక్కడ క్షేత్రాన్ని ఇచ్చేది శాశ్వత అయస్కాంతం కాదు, ఫీల్డ్ చుట్టలు. వాటికీ కరెంటు కావాలి. మరి మొదటి కరెంటు ఎక్కడిది?

ఫీల్డ్ చుట్టల మధ్యనున్న ఇనుములో కాస్త అయస్కాంతత్వం ఎప్పుడూ మిగిలి ఉంటుంది. పాలకు తోడు ఎలాగో డైనమోకు అది అలాగ. దానివల్ల మొదట రెండు మూడు వోల్టులు పుడతాయి. ఆ కరెంటు ఫీల్డ్‌లోకి వెళ్లి క్షేత్రాన్ని పెంచుతుంది, వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. అది హద్దు దాటకుండా రెగ్యులేటర్ చూస్తుంది. ఇంజిన్ నెమ్మదించినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా కటౌట్ అడ్డుకుంటుంది.

ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న కారులో ఈ ‘తోడు’ పోవచ్చు. అప్పుడు డైనమో చెడినట్టు కాదు. ఫీల్డ్‌కు బ్యాటరీ నుంచి ఒక్క క్షణం కరెంటు అందిస్తే మళ్లీ ప్రాణం వస్తుంది. అయితే ఎక్కడ తాకించాలో తెలియాలంటే వైరింగ్ తెలియాలి.

బ్రిటిష్ కార్లలోని లూకాస్ డైనమోలో ఫీల్డ్ చుట్ట ఒక కొస లోపలే ఎర్త్ అయి ఉంటుంది. ‘ఎఫ్’ టెర్మినల్‌కు ఉన్న తీగ ఊడదీసి, ఆ టెర్మినల్‌కు బ్యాటరీ లైవ్ తీగ తాకిస్తే సరిపోతుంది. చాలా పాత అమెరికన్ కార్లలోని డెల్కో రెమీ జనరేటర్‌లో ఆ కొస లోపలే బ్రష్‌కు కలిసి ఉంటుంది, ఎర్త్ రెగ్యులేటర్ వైపు నుంచి వస్తుంది. బయటికి రెంటికీ రెండేసి టెర్మినల్సే కనిపిస్తాయి. లూకాస్ పద్ధతిని డెల్కో మీద ప్రయోగిస్తే అయస్కాంతత్వం తలకిందులవుతుంది, ఇంజిన్ నడిచాక కటౌట్ కాంటాక్టులు కాలిపోవచ్చు. పైగా పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివే ఎర్త్. ఈ రెండు దేశాల కార్లూ పక్కపక్కనే నిలబడే ఢిల్లీ ర్యాలీకి ఇది పుస్తకాల్లో ఉండే సంగతి మాత్రమే కాదు.

ఆల్టర్నేటర్ పక్షాన ఉన్న వాదనలోనూ నిజం ఉంది. 1960లలో సిలికాన్ డయోడ్ల పుణ్యమా అని కార్లలోకి వచ్చిన ఆల్టర్నేటర్ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నా తగినంత కరెంటు ఇస్తుంది. డైనమో ఇవ్వలేదు. ట్రాఫిక్‌లో రోజూ నడిచే కారుకు ఆ మార్పు సబబే. కానీ కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదయ్యే కారుకు 50 ఏళ్లు దాటాలి, దాన్ని రోజువారీగా వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదనీ అవి చెబుతాయి. అదే గౌరవం వైరింగ్‌కూ దక్కాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ర్యాలీకి వచ్చే ప్రతి కారు పక్కన దాని సర్క్యూట్ బొమ్మ ఒకటి పెట్టవచ్చు. హర్యానాలోని తావడూలో ఉన్న హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం లాంటి చోట్ల, కోసి లోపలి భాగాలు చూపే డైనమోను ఉంచవచ్చు. ఐటీఐ విద్యార్థులకు ఒక పూట దాని ముందు వోల్ట్‌మీటర్ ఇచ్చి కూర్చోబెట్టవచ్చు. విడిభాగాన్ని రేపైనా ఎక్కడో వెతికి తేవచ్చు. దాన్ని చదవగల మెకానిక్ లేకుండా పోతే, మిగిలేది రంగు వేసిన ఇనుమే.