తల్లి ఒడి సీటు బెల్టు కాదు

తెనాలి: రేపల్లె మీదుగా పెనుమూడి వారధి దాటి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళే కార్లలో పసిపిల్లలు లేని కారు అరుదు. పుట్టు వెంట్రుకలు తీయించడానికి, చెవులు కుట్టించడానికి ఈ ప్రాంతపు కుటుంబాలు అక్కడికి వెళ్ళడం ఆనవాయితీ. ఇంటిల్లిపాదీ ఒకే కారులో సర్దుకుంటారు. ముందు సీటులో తాతగారు, ఆయన ఒళ్ళో మనుమడు. డ్రైవరు తాను బెల్టు పెట్టుకుని తాతగారి చేత కూడా పెట్టిస్తాడు. పోలీసులు ఆపితే జరిమానా పడుతుందని ఇద్దరికీ భయం. కారులో ఉన్న అందరిలోకీ ఎముక ముదరని ఆ పసివాడికి మాత్రం ఏ కట్టూ ఉండదు.

పిల్లను ఒళ్ళో పెట్టుకుంటే భద్రంగా ఉంటుందన్నది తల్లుల నమ్మకం. ఎద్దు బండిలోనూ, రిక్షాలోనూ ఆ నమ్మకం చెల్లింది. కారులో చెల్లదు. దీనికి పెద్ద చదువులు అక్కరలేదు, చిన్న లెక్క చాలు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు చెట్టునో, లారీనో గుద్ది ఒక్కసారిగా ఆగిపోయిందనుకోండి. కారు ఆగుతుంది గాని లోపలి మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు పోయి అద్దానికో, ముందు సీటుకో కొట్టుకుంటాడు. ఆ దెబ్బ సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడిన దెబ్బతో సమానం. అంటే ఒక మోస్తరు కొబ్బరి చెట్టు తల నుంచి జారి పడినట్టు. ఇక ఒళ్ళో ఉన్న పది కిలోల బిడ్డ ఆ క్షణంలో తల్లి చేతులను సుమారు 150 కిలోల బలంతో ముందుకు లాగుతుంది. ధాన్యం లెక్కలో చెప్పాలంటే రెండు బస్తాలు. ఎగిరిపోతున్న రెండు బస్తాలను ఏ తల్లి చేతులు పట్టి ఆపగలవు? ప్రేమ తక్కువై కాదు, బలం చాలక బిడ్డ చేజారిపోతుంది.

కొందరు తెలివిగా ఒకే బెల్టును తమకూ బిడ్డకూ కలిపి చుట్టుకుంటారు. ఇది మరీ ప్రమాదకరం. వెనుక నుంచి పెద్దమనిషి బరువు, ముందు నుంచి బెల్టు నొక్కితే మధ్యలో బిడ్డ నలిగిపోతుంది. ముందు సీటులో గాలి సంచి ఉన్న కార్లలో ఇంకో ముప్పు కూడా ఉంది. ఆ సంచి కనురెప్ప పడేలోగా పెట్టె బద్దలు కొట్టుకుని విచ్చుకుంటుంది. బెల్టు పెట్టుకుని వెనక్కి ఆనుకున్న పెద్దవారిని కాపాడడానికి దానిని తయారు చేశారు. దానికి ఎదురుగా ఒళ్ళో కూర్చున్న పసివాడి తలకు అదే పిడిగుద్దు అవుతుంది.

బెల్టు పెట్టుకోకపోతే ఎలాంటి వారికైనా ఏమవుతుందో తెలుగువారు కళ్ళారా చూశారు. 1980లలో తండ్రి ఎన్.టి. రామారావు గారి చైతన్య రథాన్ని ఊరూరా నడిపిన నందమూరి హరికృష్ణ డ్రైవింగులో ఆరితేరిన వారు. 2018 ఆగస్టు 29 తెల్లవారి నల్గొండ జిల్లా అన్నెపర్తి వద్ద ఆయన స్వయంగా నడుపుతున్న కారు పల్టీ కొట్టింది. ఆయన కారులోంచి బయటకు విసరివేయబడి కన్నుమూశారు. బెల్టు పెట్టుకోలేదని అప్పుడే పత్రికలు రాశాయి. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 ఏప్రిల్ 23 రాత్రి, ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్ళగడ్డకు వెళుతున్న భూమా శోభా నాగిరెడ్డి వాహనం బోల్తా పడింది. మరునాడు ఆమె మరణించారు. ఆమె కూడా బెల్టు పెట్టుకోలేదని, వాహనంలోంచి బయటకు పడిపోయారని వార్తలు వచ్చాయి. ఆ ప్రమాదానికి కారణం రైతులు గమనించవలసినది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యపు కుప్పను తప్పించబోయి డ్రైవరు అదుపు తప్పాడు.

కోతల కాలం వస్తే తెనాలి, రేపల్లె, బాపట్ల పరిసరాల రోడ్లు సగం కళ్ళాలే. వడ్లు, మొక్కజొన్న ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి, చీకటి పడ్డాక కూడా అలాగే వదిలేస్తారు. కళ్ళాలు కరువై రైతు రోడ్డెక్కుతున్నాడన్నది నిజమే. సిమెంటు కళ్ళాల సంగతి అధికారులు పట్టించుకోవలసి ఉంది. అంతవరకు ఆ రాళ్ళనైనా రాత్రి వేళ తీసివేయడం రైతుల చేతిలో పనే.

బెల్టు మాట ఎత్తగానే ఈ ప్రాంతంలో వినిపించే అభ్యంతరం ఒకటుంది. దుగ్గిరాల లాకుల దగ్గర చీలిన కాలువల వెంబడే ఇక్కడి రోడ్లు చాలావరకు సాగుతాయి. “కారు కాలువలో పడితే బెల్టు ఊడదు, లోపలే చచ్చిపోతాం గదండీ” అని అనుభవజ్ఞులైన డ్రైవర్లు కూడా అంటారు. ఇది కొట్టి పారేయవలసిన మాట కాదు. కట్ట మలుపుల్లో రక్షణ గోడ లేని చోట్ల ఎవరికైనా గుండె దడ పుడుతుంది. అయితే కారు కాలువలో పడేటప్పుడు ముందు కట్టను గుద్దుకుంటుంది, పల్టీ కొడుతుంది. బెల్టు లేని మనిషి తల అక్కడే పగిలి స్పృహ తప్పుతుంది. స్పృహ తప్పిన వాడు మోకాలి లోతు నీటిలోనైనా పోతాడు. బెల్టు ఉన్నవాడు స్పృహలో ఉంటాడు గనుక బొటనవేలితో ఎర్ర మీట నొక్కి బెల్టు విప్పుకోగలడు. కారు పడగానే మునిగిపోదు, కాసేపు తేలుతుంది. ఆ కాస్త సమయంలో బెల్టులు విప్పి, వెంటనే అద్దం దించి, పిల్లలను ముందు బయటకు పంపాలి. తలుపు కోసం పెనుగులాడితే నీటి ఒత్తిడికి అది తెరుచుకోదు. పెద్దవారు ఇంటి ముందు ఆగివున్న కారులో పదిసార్లు బెల్టు పెట్టి తీసి చూసుకుంటే ఈ భయం సగం తీరుతుంది.

“పొన్నూరు దాకా పోయి రావడానికి బెల్టెందుకు?” అనేది ఇంకో మాట. దూరం తక్కువైతే దెబ్బ తక్కువ తగలదు.

వెనుక సీటు సంగతి ఇంకా అన్యాయం. వెనుక కూర్చున్న వారికి ఏమీ కాదని చదువుకున్నవారు కూడా నమ్ముతారు. పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్ర పాల్‌ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద ప్రమాదంలో మరణించారు. ఖరీదైన విదేశీ కారు. అందులో నలుగురు ఉన్నారు. ముందు సీట్లలోని ఇద్దరు గాయాలతో బతికారు. బెల్టు లేకుండా వెనుక కూర్చున్న ఇద్దరూ పోయారు. దేశం మొత్తం మీద 2022లో సీటు బెల్టు పెట్టుకోనందువల్ల మరణించిన వారు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సగం మంది, అంటే 8,331 మంది, డ్రైవర్లు కారు, ప్రయాణికులు.

కిరాయి కార్లలో అయితే వెనుక బెల్టు పెట్టుకుందామన్నా కుదరదు. కొత్త కారు కొనగానే మెత్తటి సీటు కవర్లు తొడిగిస్తారు. బెల్టు దూర్చే బకిలు వాటి కిందకు పోతుంది. పెళ్ళిళ్ళకు కారు మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా, పాటల పెట్టె ఉందా అని అడిగేవారు వెనుక బెల్టులు పైకి ఉన్నాయా అని అడిగితే రెండు నెలల్లో కవర్లకు రంధ్రాలు పడతాయి. బెల్టు పెట్టుకోకపోతే మోగే గంటను నోరు మూయించడానికి ఉత్త ఇనుప బిళ్ళను బకిలులో దూర్చే ఘనులూ ఉన్నారు. అలాంటి బిళ్ళల అమ్మకాన్ని ఆపివేయాలని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 5 ఆన్‌లైన్ వ్యాపార సంస్థలను ఆదేశించింది. అలారం గడియారాన్ని గుడ్డలో చుట్టి పడుకున్నవాడు రైలు తప్పిపోతాడు గాని, ఇక్కడ తప్పేది ప్రాణం.

మరి పిల్లలను ఎలా కూర్చోబెట్టాలి? పెద్దవారి బెల్టు పెద్దవారి కొలతకు చేసినది. చిన్నపిల్లలకు పెడితే మెడ మీదికి, పొట్ట మీదికి వస్తుంది. అందుకే వారికి వేరే సీటు ఉంటుంది. దానిని కారు సీటుకు బెల్టుతో గాని, సీటు సందులో ఉండే కొక్కేలతో గాని కట్టి, దానిలో బిడ్డను దాని పట్టీలతో బిగిస్తారు. పుట్టినప్పటి నుంచి కనీసం ఏడాదింబావు వయసు వరకు బిడ్డ మొహం కారు వెనుక వైపుకు ఉండాలి. పసివాడి తల బరువు, మెడ బలహీనం. అలా తిప్పి కూర్చోబెడితే దెబ్బ మెడ మీద పడకుండా వీపంతా పంచుకుంటుంది. ఇటువంటి సీటును గాలి సంచి ఉన్న ముందు సీటులో ఎన్నడూ పెట్టరాదు. ఇంకొంచెం పెద్ద పిల్లలకు ముందుకు చూసే సీటు, ఆ తర్వాత బెల్టు భుజం మీదికి సరిగా వచ్చేందుకు ఎత్తు పీట చాలు. పిల్లల సీట్లు సరిగా వాడితే మరణాలు సుమారు 60 శాతం తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పిల్లల రక్షణలో 5 నక్షత్రాలు వచ్చిన కారు కొన్నామని మురిసిపోయేవారు ఒకటి తెలుసుకోవాలి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో జరుగుతున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఏడాదిన్నర, మూడేళ్ళ పిల్లలంత బొమ్మలను పిల్లల సీట్లలో కట్టి కారును గుద్దిస్తారు. ఒళ్ళో కూర్చున్న బిడ్డకు ఆ నక్షత్రాలు వర్తించవు. పైకప్పు కిటికీలోంచి తల బయటపెట్టి సూర్యలంక దారిలో కేకలు వేసే పిల్లల మాట చెప్పనక్కరలేదు.

సీటు కొనే స్తోమతు లేకపోతే చేతులు ముడుచుకోనక్కరలేదు. పిల్లలను వెనుక సీటులోనే ఉంచాలి. ఎదిగిన పిల్లలకు తలా ఒక బెల్టు పెట్టాలి, ఇద్దరికి ఒకటి కాదు. బెల్టు కింది పట్టీ తుంటి ఎముకల మీద ఆనాలి, పై పట్టీ భుజం మధ్యగా పోవాలి. గర్భిణులు కింది పట్టీని పొట్ట కిందుగా పెట్టుకోవాలి. బిడ్డ ఏడిస్తే పాలివ్వడానికి కారు ఆపించాలి గాని, నడుస్తుండగా విప్పరాదు. అన్నిటికీ మించి ఐదుగురు పట్టే కారులో తొమ్మిది మందిని కూరడం మానాలి.

చట్టం లేక కాదు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా కారు నడిపితే 1,000 రూపాయల జరిమానా. మోటారు సైకిలు మీద తీసుకుపోయే నాలుగేళ్ళలోపు పిల్లలను నడిపేవారికి పట్టీలతో కట్టాలని, హెల్మెట్టు పెట్టాలని, 40 కిలోమీటర్లు మించరాదని 2023 ఫిబ్రవరి నుంచి నియమం ఉంది. ట్యాంకు మీద పిల్లను కూర్చోబెట్టుకుని పోయేవారిలో దీనిని విన్నవారెందరు? తనిఖీకి నిలబడే పోలీసు సైతం డ్రైవరు భుజం వైపు చూసి పంపేస్తాడు గాని, వెనుక సీటులోకి తొంగి చూడడు.

కాన్పు అయిన తల్లిని, బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనాలలో పసికందు సీటు తప్పనిసరి చేస్తే బాగుంటుంది. బిడ్డ పుట్టాక చేసే తొలి ప్రయాణంలోనే ఆ సీటు ఎలా ఉంటుందో, ఎలా బిగించాలో తల్లి చూస్తుంది. కిరాయి కార్లకు ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు వెనుక బకిళ్ళు పైకి కనబడుతున్నాయా అని రవాణా అధికారులు చూడడానికి ఖర్చేమీ లేదు.

సీటు ఖరీదు కొన్ని వేలు ఉంటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు కారెక్కే కుటుంబానికి అది భారమే. షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు అద్దెకిచ్చే దుకాణాలు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. కార్లు కిరాయికి తిప్పేవారు తలా ఒక పిల్లల సీటు కొని ఉంచుకుని రోజు అద్దెకు ఇస్తే, మోపిదేవి వెళ్ళే కుటుంబం ఇంకో వంద రూపాయలకు వెనుకాడదు. మేనమామ ఒడి చెవులు కుట్టే వేళకు ఉండనే ఉంది.