పెద్ద గుండె బలమా, రోగమా?

ఆదోని పత్తి మార్కెట్టులో బోరెములు మోయు హమాలీయు, ఎమ్మిగనూరు బాటపై తెల్లవాఱుజామున కానిస్టేబులు ఉద్యోగమునకై పరుగు నభ్యసించు యువకుడును, నాలుగడుగులకే ఆయాసపడి అరుగుపై కూలబడు ముదుసలియు వైద్యుని ముందుంచు ప్రశ్న ఒక్కటియే: ఈ గుండె ఎంత పనికి చాలును? మంచముపై పరుండబెట్టి చేసిన పరీక్ష దీనికి పూర్తి సమాధానము చెప్పజాలదు.

1899లో స్వీడను దేశమున ఉప్సాలా వైద్యుడు హెన్‌షెన్, మంచుపై జారుకట్టెలతో పరుగిడు పందెగాండ్ర ఱొమ్ములను వ్రేళ్లతో తట్టి చూచి, వారి గుండెలు పెరిగియున్నవని కనుగొనెను. హార్టు ఫెయిల్యూరు అను వ్యాధి సోకినవానికిని గుండె పెరుగవచ్చును. మొదటిది పనిచేసి బలిసినది. రెండవది పనిచేయలేక సాగినది.

గుండె ఎడమ గది ప్రతి స్పందనమునకు తనలోని రక్తమున నూటికి ఎన్ని పాళ్లు వెలికి నెట్టునో నేడు ఎకో యంత్రముతో కొలుచుచున్నారు. ఆరోగ్యవంతునకు 55 మొదలు 70 వఱకు నుండును. 40కి మించనిచో గుండె బలము తగ్గినదందురు. మంచి కొలతయే, కాని దీని నొక్కదానినే నమ్మరాదు. దూరపు పరుగున కలవడినవాని గుండె విశ్రాంతిలో నిమిషమునకు 40 మాఱులే కొట్టుకొనుచు, 50 పాళ్లే నెట్టుచు, పరుగునందు విజృంభింపవచ్చును. రక్తపుపోటు, మధుమేహము గల వృద్ధునకు 60 పాళ్లుండియు, గుండె గోడలు బిరుసెక్కి ఆయాసము తీఱకపోవచ్చును. అంకె చూచి “నీకేమియు లేదు పొ”మ్మనుట అట్టివానికి అన్యాయము.

గుండెను పనిలో పెట్టి చూడవలయును. ఇందుకు గొప్ప యంత్రములే యక్కఱలేదు. 30 మీటర్ల వసారా, ఒక గడియారము, అలసినచో కూర్చుండుటకొక కుర్చీ. రోగి ఆఱు నిమిషములలో ఎంత దూరము నడచునో కొలువవలయును. 300 మీటర్లు దాటలేని హార్టు ఫెయిల్యూరు రోగిని మిక్కిలి జాగ్రత్తతో కనిపెట్టి యుండవలయును. కొన్నాళ్లకు మరల నడిపించినచో మందు గుణమిచ్చినదో లేదో రోగికే తెలియును. ఆదోని తాలూకా 1953 వఱకు బళ్లారి జిల్లాలోనిది. నేటికిని మనవారు రోగము ముదిరిన పిదప బళ్లారికో కర్నూలుకో బండి యెక్కుదురు. ఎక్కకముందే ఈ పరీక్ష ఇచ్చట జరుగగూడదా?

యువకుని మాట వేఱు. కానిస్టేబులు కాగోరువాడు 1600 మీటర్లు 8 నిమిషములలో పరుగెత్తవలయును. ఉద్యోగాశతో ఱొమ్మునొప్పిని దాచువాని లోపము నడకలో బయటపడదు, వానికి ఇ.సి.జి. తీయవలయును, అనుమానమున్నచో ఎకో చేయవలయును. ఇటలీ 1982లో క్రీడాకారులకు ఇట్టి పరీక్షను నిర్బంధము చేసెను. అచ్చటి వెనెతో ప్రాంతమున క్రీడాకారుల ఆకస్మిక మరణములు ఏటా లక్షకు 3.6 నుండి 2004 నాటికి 0.4కు తగ్గెను. ఇ.సి.జి. వలన వృథా భయములు కలుగునని వాదించువారు కలరు. కలుగవచ్చును, ఎకో చూచినచో వానిలో పెక్కులు తీఱును.

పరుగునకు పిలిచిన ప్రభుత్వమే ఇ.సి.జి. ఖర్చు భరింపవలయును. ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రుల వసారాలలో 30 మీటర్ల గీత గీయుటకు మాత్రము ఏ ఉత్తరువు కొఱకును వేచియుండ నక్కఱలేదు.