పాట కింద పేరు రాద్దాం



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమంటే చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తామని మీరు అనుకుని ఉంటారు. ఈసారి పాటల గురించి రాస్తున్నాం. ఇందులో మేము చేసిన తప్పు ఒకటుంది. దాన్ని ఒప్పుకోకుండా కంచరపాలెం విడిచి వెళ్ళడం మాకు ఇష్టం లేదు. మేమంటే పై అంతస్తు పీజీ గదివాళ్ళం. మా అందరి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే.

నిరుడు వార్షికోత్సవం ముందు, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక పాలిటెక్నిక్ తమ్ముడు మా గదికొచ్చి, "అన్నా, మా తాత దగ్గర నేర్చుకున్న జముకుల కథ పాడతాను" అన్నాడు. మేము నవ్వేశాం. "అందరూ గోల చేస్తార్రా, ఏదైనా సినిమా పాటకి స్టెప్పు వెయ్యి" అన్నాం. వాడు స్టెప్పూ వెయ్యలేదు, పాటా పాడలేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక మేడ మీద బకెట్ బోర్లించి దాని మీద దరువేస్తూ పాడుకున్నాడు. మేము వెళ్ళి కూర్చున్నాం. కథ అయ్యేదాకా ఒక్కరం లేవలేదు.

చదువుకున్నకొద్దీ మనం ఇంటి పాటను హాస్టల్ గేటు బయటే వదిలేసి వస్తున్నామని ఆ రాత్రి తెలిసింది. కొత్త పాటల కోసం వెతకడం అప్పుడే మొదలుపెట్టాం.

సినిమా పాట మీద మాకు కోపం లేదు. పరీక్షల రాత్రులు మమ్మల్ని మేలుకొలిపింది అదే. కానీ సినిమా పాట కథకు తగ్గట్టు, హీరోకు తగ్గట్టు పుడుతుంది. తనకు చెప్పాలనిపించింది తానే రాసి, తానే పాడి, తన ఖర్చుతో జనంలోకి పంపేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళను ఇప్పుడు ఇండీ కళాకారులంటున్నారు. పేరు కొత్తదే గాని పని మనకు పాతదే. 1960లలో శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి ఇదే జముకుల కథతో ఊరూరా జనాన్ని కదిలించారు. మన విశాఖలోనే హిందూస్థాన్ షిప్‌యార్డు కార్మికుడు వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర మాటతో వందలాది పాటలు కట్టారు. 2020లో ఆయన కన్నుమూశారు. ఆయన పాట ముందు జనం నోటికెక్కింది, సినిమాలు తర్వాత వచ్చి తీసుకున్నాయి.

విశాఖ స్టేషన్ నుంచి రాయపూర్ వెళ్ళే రైలు ఒడిశాలోని కలహండి జిల్లా మీదుగా పోతుంది. ఆ కలహండి నుంచి వచ్చిన కుర్రాడే దూలే రాకర్. డిగ్రీ చదివీ కూలిపనులు చేశాడు. 2020 లాక్‌డౌన్‌లో నడిచి ఇళ్ళకు చేరుతున్న వలస కూలీల గురించి ర్యాప్ పాడితే దేశమంతా విన్నది. అటు చెన్నైలో 2017లో పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే బృందాన్ని తయారుచేశారు. ఉత్తర చెన్నై పేటల గానా పాటను రాక్‌తోనూ ర్యాప్‌తోనూ కలిపి, కులం గురించి వేదికెక్కి సూటిగా పాడారు. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండు, పట్నంలో విసిగి ఊరు గుర్తొచ్చినవాడి గోడును రెగె తాళంలో తెలుగులో పాడింది.

ర్యాప్, రెగె అంటే మనకెందుకులే అనుకోకండి. మొదట మేమూ అలాగే అనుకున్నాం. రెగె 1960ల చివర జమైకాలో కింగ్‌స్టన్ పేదల పేటల్లో పుట్టింది. ర్యాప్ 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లో నల్లవాళ్ళ, వలసవాళ్ళ వాడల్లో పుట్టింది. వాయిద్యం వేరు, భాష వేరు. పుట్టిన చోటు మాత్రం మన పేటల్లాంటిదే. అందుకే ఆ పాటలు భాష తెలియకపోయినా మనకు అందుతాయి.

2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' గుర్తుందా? మన వీధుల్లో మనం రోజూ చూసే మామూలు మనుషులే అందులో నటించారు. మనవాళ్ళ ముఖాలు తెర మీద చూసి గర్వపడ్డ మనం, మనవాళ్ళ గొంతు వేదిక మీద వినడానికి ఎందుకు సిగ్గుపడాలి?

ఇక మా రెండో తప్పు. మేడ మీద ఆ తమ్ముడి పాటను మాలో ఒకడు ఫోన్‌లో రికార్డు చేశాడు. వారం తిరక్కుండా అది హాస్టలంతా, బయట కాలేజీల్లోనూ తిరిగింది. ఎవరి ఫోన్లోనూ తమ్ముడి పేరు లేదు. "జానపదం, సూపర్" అని మాత్రమే ఉంది. తమ్ముడు వచ్చి ఒక్కటే అడిగాడు: "నా పేరు లేకపోతే పోనీ, మా తాత పేరైనా రాసీయండన్నా."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, సినిమాకు ఇచ్చిన పాటైనా సరే, రాసినవారికీ స్వరం కట్టినవారికీ రాయల్టీలో వాటా ఉండాలన్నారు. ఎవరి పాటో తెలిస్తేనే గదా ఆ వాటా ఎవరికైనా అందేది! కింద పేరు లేని పాట దిక్కులేనిదవుతుంది. ఎవరైనా ఎత్తుకుపోవచ్చు.

కాబట్టి మా సూచన ఇది. ప్రతి ఆదివారం రాత్రి భోజనాలయ్యాక అరగంట, వంతుల వారీగా ఒక్కో గదివాళ్ళు ఎవరూ వినని ఒక పాట వినిపించాలి. ఫోను చూపించిన పాటే వినకుండా, నచ్చిన పాట రాసిందెవరు, వాయించిందెవరు అని చూసి ఆ పేర్లు పట్టుకుని వెతకండి. ఒక పేరు ఇంకో పేరు దగ్గరికి తీసుకెళ్తుంది. మెస్‌లో వండే అక్కని ఊడుపుల పాట అడగండి. సెలవుల్లో ఇంటికెళ్తే నానమ్మ పాటను, ఆమె ఒప్పుకుంటేనే, రికార్డు చేయండి. పాట, పాడినవారు, కట్టినవారు, ఊరు - ఈ నాలుగూ నోటీసు బోర్డు మీద రాయండి. పూర్వ విద్యార్థి అన్నలారా, మీరు ఏ ఊళ్ళో ఉన్నా అక్కడ విన్న ఒక పాటను పేర్లతో సహా మాకు పంపండి.

ఈ ఏడు వార్షికోత్సవంలో మొదటి అంశం జముకుల కథ. మేమే వెళ్ళి ఆ తమ్ముడిని బతిమాలి ఒప్పించాం. కార్యక్రమ పత్రంలో వాడి పేరు పక్కనే వాళ్ళ తాత పేరు కూడా ఉంటుంది. నవ్వేవాళ్ళు నవ్వండి. పాట అయ్యేదాకా మాత్రం కూర్చోండి.