నాలుగవ వచనము దగ్గర ఆగకుడి

ధ్యాన భాగము: మత్తయి 19:3–15

ఈ మధ్య మన సంఘములలో ఒక వచనము తరచుగా వినబడుచున్నది. సృష్టికర్త ఆదియందు మనుష్యులను మగవానిగాను ఆడుదానిగాను చేసెనను మాట అది. మాట మంచిది, దేవుని మాటయే. అయితే అది ఎప్పుడు వినబడుచున్నది? ఆడబిడ్డ పుట్టిన ఇంట ప్రార్థన పెట్టుకొన్నప్పుడు కాదు. బస్టాండులో చప్పట్లు కొట్టి అడుగుకొను హిజ్రాలలో ఒకరు ఆదివారమున గుడి గుమ్మము నొద్దకు వచ్చినప్పుడు వినబడుచున్నది. ఊరిలోని కుర్రవాడొకడు తాను మగవాడను కానని చెప్పి, జుట్టు పెంచి, చీర కట్టి, తండ్రి చేత దెబ్బలు తిని ఇల్లు వెడలినప్పుడు వినబడుచున్నది. దేవుడు తాళపుచెవిగా ఇచ్చిన వచనమును మనము తాళముగా వాడుచున్నాము.

ప్రియ చదువరులారా, ఆ మాటను మన ప్రభువు కూడ ఎత్తి చెప్పెను. మత్తయి సువార్త 19వ అధ్యాయము 4వ వచనములో అది ఉన్నది. మన ప్రసంగీకులలో అనేకులు అక్కడనే పుస్తకము మూయుచున్నారు. దయచేసి మూయకుడి. ఆయన దానిని ఎవరితో, ఎందు నిమిత్తము చెప్పెనో, చెప్పిన తరువాత ఏమి పలికెనో 15వ వచనము వరకు చదివి చూడుడి. అక్కడ ముగ్గురు కనబడుదురు: గెంటివేయబడు భార్య, నపుంసకుడు, అడ్డగింపబడిన చిన్నబిడ్డ. మనుష్యులు త్రోసివేయజూచిన ఈ ముగ్గురి పక్షమున ప్రభువు నిలిచెను.

1. ఆ మాట స్త్రీని కాపాడుటకు పలుకబడెను

పరిసయ్యులు వచ్చి అడిగిన ప్రశ్న ఏది? పురుషుడు ఏ కారణము చేతనైనను భార్యను విడిచిపెట్టవచ్చునా అని. ఆ దినములలో భర్త ఒక పత్రిక వ్రాసి చేతికిచ్చిన చాలును, ఆమె వీధిలో నిలుచును. వంట పాడుచేసినను అది తగిన కారణమేయని చెప్పిన బోధకులు కూడ యూదులలో ఉండిరి. అట్టి పురుషుల యెదుట ప్రభువు సృష్టినాటి మాటను ఎత్తెను. దేవుడు ఇద్దరిని చేసి జతపరచెను గనుక, నీవు ఆమెను చెప్పువలె విడిచి పారవేయలేవని దాని భావము. మగ, ఆడ అను మాట ఆయన నోట బలవంతుని చేతిని పట్టుకొనుటకు వచ్చెను గాని బలహీనుని మెడ పట్టుకొనుటకు రాలేదు.

మనము ఈ వచనమును ఆ విధముగా గైకొంటిమా? మన క్రైస్తవుల కొరకు 1869లో చేయబడిన విడాకుల చట్టము చూడుడి. భార్య వ్యభిచారమును ఒక్కటి రుజువు చేసిన భర్తకు చాలును. భార్యయైతే భర్త వ్యభిచారముతో కూడ అతని క్రూరత్వమునో, రెండేండ్లు తన్ను విడిచిపెట్టుటనో మరల రుజువు చేయవలెను. ఈ దొంగత్రాసు 2001లో గాని సరిచేయబడలేదు. 132 సంవత్సరములు మన ఆడపడుచులు దాని క్రింద నలిగిరి. అంతకాలము ఆదికాండము మొదటి అధ్యాయమును ప్రసంగించిన మనలో ఎందరు దానిని గూర్చి నోరు తెరచిరి?

వరకట్నమును నిషేధించిన చట్టము 1961లో వచ్చెను. నేటికిని కట్నము ఇంతయని కుదిరిన తరువాతనే గుడిలో మూడుసార్లు ప్రకటన చదువుచున్నాము. 1925 వారసత్వ చట్టములో, వీలునామా లేనప్పుడు తండ్రి ఆస్తి కుమారునికిని కుమార్తెకును సమభాగమని ఉన్నది; ఆ భాగము అడిగిన కుమార్తెకు పుట్టింటి గడప మూయబడుచున్నది. దక్షిణ ఇండియా సంఘములో 1976 నుండి స్త్రీలకు గురుత్వాభిషేకము జరుగుచున్నది. 2013లో నంద్యాల అధ్యక్ష ఖండమునకు పుష్పలలితగారు బిషప్పుగా అభిషేకము పొందిరి. అయినను స్త్రీ ప్రసంగించిన లేచిపోవు పెద్దలు ఇంకను ఉన్నారు. మగ, ఆడ ఇద్దరును దేవుని పోలికయని నిజముగా నమ్మువారు మొదట ఈ లెక్క సరిచూచుకొనవలెను.

2. అదే సంభాషణలో నపుంసకుల మాట వచ్చెను

భార్యను విడిచిపెట్టరాదనినప్పుడు శిష్యులే బెదరి, అట్లయిన పెండ్లి చేసికొనకపోవుటయే మేలనిరి. అప్పుడు ప్రభువు 12వ వచనములో నపుంసకులను గూర్చి మాటలాడెను. తల్లి గర్భమునుండి అట్లు పుట్టినవారు కొందరు, మనుష్యులచేత అట్లు చేయబడినవారు కొందరు, పరలోకరాజ్యము కొరకు తమ్మునుతాము అట్లు చేసికొనినవారు కొందరని మూడు విధములు చెప్పెను. 4వ వచనములో సృష్టిని జ్ఞాపకము చేసిన ఆయనయే, ఆ మగ ఆడ లెక్కలో ఇమడనివారు లోకములో ఉన్నారని 12వ వచనములో ఒప్పుకొనెను. వారిని నిందించలేదు, శపించలేదు, అందరికిని అంగీకరింప సులభము కాని మాట ఇదియని మాత్రము హెచ్చరించెను.

ఆనాటి నపుంసకుడును ఈనాటి హిజ్రాయును ఒక్కటి కారని కొందరందురు. అన్ని విధములను ఒక్కటి కారు, నిజమే. అయితే పెండ్లి లేక, పిల్లలు లేక, మగవారిలో కలియక, ఆడువారిలో కలియక, నగవబడుచు బ్రతుకుటలో వారు ఒక్కటియే. అట్టివారికి దేవుడు ఏమి వాగ్దానము చేసెనో యెషయా 56:3–5లో చదువుడి. నేను ఎండిన మానునని వారు చెప్పుకొనరాదని, తన ప్రాకారములలో కొడుకులకును కూతుళ్లకును గల దానికంటె మేలైన పేరు వారికి ఇచ్చెదనని ఆయన సెలవిచ్చుచున్నాడు. ద్వితీయోపదేశకాండము 23:1లో అట్టివారికి సమాజప్రవేశము లేదు. ఆ మూసిన తలుపును తెరచినది దేవుడే.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఐతియొపీయ రాణి ఖజానా చూచు నపుంసకుడు యెరూషలేమునకు ఆరాధింపబోయి తిరిగివచ్చుచు, రథములో యెషయా గ్రంథము చదువుకొనుచుండెను. అతడు చదువుచున్నది 53వ అధ్యాయము. తన కొరకు వ్రాయబడిన వాగ్దానము మరి మూడు అధ్యాయముల దూరములో ఉన్నది. నీళ్లు కనబడగానే, బాప్తిస్మమునకు నాకేమి అడ్డని అతడు ఫిలిప్పును అడిగెను. సంఘ కమిటీని పిలిచి తీర్మానము చేసెదనని ఫిలిప్పు అనలేదు. ఇద్దరును నీళ్లలోనికి దిగిరి.

3. వస్త్రములను గూర్చిన వచనము

పెద్దలు ఇక ద్వితీయోపదేశకాండము 22:5 తీయుదురు. ఆడుదాని బట్టలు మగవాడును, మగవాని బట్టలు ఆడుదియు వేసికొనరాదని అక్కడ ఉన్నది. ఉన్నదానిని లేదని నేననను. అయితే మూడు వచనములు దాటి 8వ వచనము కూడ చదువుడి. క్రొత్త ఇల్లు కట్టువాడు మేడకు పిట్టగోడ కట్టవలెను, లేనియెడల ఎవడైనను పడి చచ్చిన రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చునని అక్కడ వ్రాయబడెను. తండ్రీ, నీ యింటినుండి ఒక బిడ్డ పడిపోయెను. నీవు పిట్టగోడ కట్టలేదు సరికదా, చేతులతో త్రోసితివి. ఆ బిడ్డ రైలు పెట్టెలలో అడుగుకొని, పోకిరుల చేతులలో నలిగి, జబ్బుచేసి దిక్కులేక చనిపోయిన, 5వ వచనము పట్టుకొని దేవుని యెదుట నిలువగలవా? 8వ వచనము కూడ ఆయనదే.

వారు బిచ్చమెత్తుదురు, ఒళ్లు అమ్ముకొందురు, అట్టివారిని గుడిలోనికి ఎట్లు రానిత్తుమని అందురు. వారికి వేరు దారి ఎవరు మిగిల్చిరి? 1871లో తెల్ల దొరల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టములో వారిని కూడ చేర్చి పట్టీలలో ఎక్కించెను. నిజాము రాజ్యములో 1919లో వారి కొరకు ప్రత్యేకముగా ఒక చట్టము పుట్టెను. ఆడు వస్త్రములతోనో నగలతోనో వీధిలో కనబడిన వారంటు లేకుండ పట్టుకొని రెండేండ్లవరకు చెరలో వేయవచ్చును. ఆ చట్టమును తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసెను. 2011 జనాభా లెక్కలలో మగ, ఆడ గాక ఇతరులని వ్రాయించుకొన్నవారు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. దేశమంతట అట్టివారిలో చదువు వచ్చినవారు తక్కువ మందియే. బడినుండి తరిమి, పనినుండి తరిమి, పిమ్మట బిచ్చమేలని అడుగుట న్యాయమా?

4. స్త్రీల పేరు చెప్పి తప్పించుకొనకుడి

ఇప్పుడు మరియొక వాదము వచ్చినది. వీరిని అంగీకరించిన మన స్త్రీల హక్కులు పోవునని. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. స్త్రీల వార్డు, స్త్రీల గది, స్త్రీల కుర్చీ ఊరక వచ్చినవి కావు. ప్రసవించు దేహము, పాలిచ్చు దేహము, చెరుపబడు భయము గల దేహము వారిదగుట చేత పోరాడి సంపాదించుకొన్నవి. లోకపు న్యాయస్థానములు ఈ సంగతిని పలుమారు తూచినవి. మధ్యప్రదేశ్‌లోని కట్ని పట్టణములో స్త్రీలకు కేటాయించిన మేయరు పదవికి కమలా జాన్ అను హిజ్రాను ప్రజలు ఎన్నుకొనగా, 2003లో ఆ రాష్ట్ర హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదనెను. 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు, తాము మగయో ఆడయో మూడవ లింగమో చెప్పుకొను హక్కు వారికి గలదని తీర్పిచ్చెను. 2025 ఏప్రిల్ 16న బ్రిటను సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయాధిపతులు, తమ దేశపు 2010 సమానత్వ చట్టములో స్త్రీ అను మాటకు పుట్టుకచేత స్త్రీ అనియే అర్థమని ఏకముగా చెప్పిరి.

ఈ చివరి తీర్పును ఫోనులో చూపి, చూచితిరా దొరలు కూడ ఒప్పుకొనిరని మన బోధకులు కొందరు సంతోషించుచున్నారు. ఇక్కడ కూడ వారు సగమే చదివిరి. లింగము మార్చుకొన్నవారిని వివక్షనుండి ఆ చట్టము ఇంకను కాపాడుచున్నదని ఆ న్యాయాధిపతులే చెప్పిరి. ఇది ఒక పక్షము మరియొక పక్షముపై గెలుపని ఎంచవద్దని కూడ హెచ్చరించిరి. వాక్యమును సగము చదువుట అలవాటైనవారికి తీర్పును సగము చదువుట కష్టమా?

మరి మన గ్రామమున ఈ వాదము చేయుచున్నది ఎవరు? స్త్రీలు కారు, స్త్రీల పేరు చెప్పుచున్న పురుషులు. అయ్యా, పెద్దలారా, మూడు గంటల ఆరాధనకు వచ్చు మీ తల్లులకును కోడండ్రకును గుడి ఆవరణలో ఒక మరుగుదొడ్డి కట్టించితిరా? త్రాగి భార్యను కొట్టినవానిని ఎన్నడైనను కానుకపళ్లెము పట్టకుండ ఆపితిరా? మన ఆడబిడ్డలకు అపాయము గుమ్మములో నిలిచిన హిజ్రా వలన కాదు. ఆ అపాయము చాలసార్లు ఇంటిలోననే, కొన్నిసార్లు ముందు వరుసలోననే కూర్చున్నది. స్త్రీల స్థలములను గూర్చి నిర్ణయము చేయవలసి వచ్చిన, స్త్రీల సమాజమును కూర్చుండబెట్టి వారి మాట మొదట వినుడి. స్త్రీని మాటలాడనియ్యక ఆమె పేర మరియొకరిని వెళ్లగొట్టుట ఇద్దరికిని అన్యాయము.

5. ఇప్పుడు మనము చేయవలసినది

13వ వచనమునుండి చూడుడి. చిన్నబిడ్డలను తెచ్చినవారిని గద్దించినది లోకులు కారు, శిష్యులే. ప్రభువు చుట్టు కంచె వేయుట తమ పనియని వారనుకొనిరి. ఆయన వారినే ఆపెను.

దేహము దేవుడిచ్చినదని నేనును నమ్ముచున్నాను. ఒక బిడ్డ మనస్సులోని పోరాటమును తీర్చుట మాత్రము సంఘ పంచాయితీ పని కాదు. గుమ్మము తెరచుట మన పని. కాబట్టి కాపరులారా, ఒక ఆదివారమున ఈ పదమూడు వచనములను విడువక చదివి బోధించుడి. వచ్చినవారికి చాప వేయుడి. వారు చెప్పిన పేరుతోనే పిలువుడి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో వారి పింఛను నెలకు 4000 రూపాయలకు పెంచబడెను; ఆధారు, పింఛను కాగితములకై కార్యాలయమునకు తోడు వెళ్లుడి. ప్రభువు బల్లయొద్ద వారి వంతు రాగానే గిన్నెను ప్రక్కకు త్రిప్పకుడి.

ఇల్లు విడిచిన బిడ్డ తలిదండ్రులారా, ఆ బిడ్డ ఫోను నంబరు మీయొద్ద ఉన్నయెడల ఈ సాయంకాలమే మాటలాడుడి. ఏమి కట్టుకొన్నావని అడుగకుడి. తింటివా అని అడుగుడి.

తలుపు తెరచు మనస్సును ప్రభువు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.