పేరు విడిచినవారికి తొలి లేఖ

ఆదివారపు అనుబంధమున లేపాక్షి మండపస్తంభముల ఛాయాచిత్రమొకటి అచ్చుపడి, దాని క్రింద ‘సౌజన్యం: గూగుల్’ అని చిన్న అక్షరములు కనబడుట తెలుగు పాఠకులకు అలవాటైపోయినది. గూగుల్ ఆ చిత్రమును తీయలేదు. సాయంకాలపు వెలుగు రాతిపై ఏటవాలుగా పడువరకు కాచుకొని తీసి, పిమ్మట వికీమీడియా కామన్సులో లోకమునకెల్ల ఉచితముగా విడిచినవారు ఎవరో కలరు. వారు ప్రతిఫలముగా కోరినది తమ పేరును, లైసెన్సు పేరును, వానికి లంకెలను, చిత్రమును మార్చియుండినచో ఆ సంగతిని తెలుపుట మాత్రమే. ఇంత స్వల్పమైన కోరికయు చెల్లకుండుట మాకు మిక్కిలి బాధాకరముగా నున్నది.

1957 నాటి మన కాపీరైటు చట్టపు 57వ సెక్షను, హక్కులన్నియు అమ్ముకొన్న రచయితకు సైతము ఈ కృతి నాదని చెప్పుకొను అధికారమును మిగిల్చినదన్నచో, ఉచితముగా ఇచ్చినవారికి ఆ అధికారము లేకుండునా? అయినను, ఉల్లంఘన కంటబడిన మరుక్షణమే ఆ పుటను ఫేస్‌బుక్కున పెట్టి ‘దొంగలు’ అని చాటుటను మేము సమర్థింపజాలము. అవతల నున్నది తరచుగా రాత్రి షిఫ్టులో పేజీ నింపవలసిన ఒక సబ్‌ఎడిటరు; ఇంటర్నెట్టులో దొరికినదెల్ల ఉచితమేనని నమ్మిన అతనికి షరతు సంగతి ఎవ్వరును చెప్పియుండరు. నలుగురిలో నవ్వులపాలైన సంస్థ చిత్రమును తొలగించి ఊరకుండును. తీసినవారి పేరు మాత్రము ఎన్నడును అచ్చుకెక్కదు.

కావున తొలి లేఖ సంపాదకునికి నేరుగా, ఏకాంతముగా చేరవలెను. దానికి ముందు విచారింపవలసినది కొంత కలదు: చిత్రకారుడే ఆ పత్రికకు వేరుగా అనుమతి ఇచ్చియుండవచ్చును; పత్రిక వాడుకొన్నది వికీపీడియా వ్యాసమైనచో, పత్రికలోని దానినే ఎవరో వికీపీడియాకెక్కించి యుండవచ్చును గనుక, పేజీ చరిత్రలోని తేదీలను అచ్చు తేదీతో సరిచూడక కలము పట్టరాదు. హక్కు చిత్రకారునిదే గాని వికీపీడియాది గాదు గావున, తోటి వికీపీడియా వాడుకరి సంగతి తెలుపవచ్చునే గాని చిత్రకారుని పక్షమున హెచ్చరిక చేయుట తగదు. లేఖలో చిత్రమును ఎంచుకొన్నందుకు కృతజ్ఞతలు, ఏ తేదీ సంచికలో ఏ పుటలో అన్న వివరము, పిమ్మట ‘ఛాయాచిత్రం: ఫలానావారు, సీసీ బై-ఎస్‌ఏ 4.0, వికీమీడియా కామన్స్ ద్వారా’ అని, లంకెలతో సహా, యథాతథముగా అతికించుకొనదగిన పంక్తి ఉండవలెను. ఈ పంక్తియే లేఖకు ప్రాణము. తప్పు దిద్దుటకు రెండు నిమిషములు చాలునని తెలిసిన సంపాదకుడు సాధారణముగా దిద్దును.

ఈ ఓర్పు లైసెన్సులోనే ఇమిడియున్నది. 2013లో వెలువడిన క్రియేటివ్ కామన్స్ (పై పంక్తిలోని ‘సీసీ’) 4.0 కూర్పు ప్రకారము, ఉల్లంఘనచే రద్దైన అనుమతి, దోషము తెలిసిన 30 దినములలో దిద్దుకొన్నచో దానంతట అదే పునరుద్ధరింపబడును. పూర్వపు కూర్పులలో ఈ వెసులుబాటు లేదు. ఆ కొరతను ఆసరా చేసికొని, తొలి ఉత్తరముతోనే పెద్ద మొత్తమునకు బిల్లు పంపువారు కొన్ని దేశములలో బయలుదేరినారు. దానిని హక్కుల రక్షణయని మేము అనజాలము. అట్టి బిల్లులకు జంకిన పత్రికలు స్వేచ్ఛా చిత్రములను ముట్టుటయే మానును.

మర్యాదతో ఆరంభించినవారు కోర్టుకెక్కరాదని మా అభిప్రాయము గాదు. సాఫ్ట్‌వేరు రంగమున దీనికి ఉదాహరణ కలదు: 2003లో లింక్‌సిస్ రౌటరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరైన లినక్సు ఉన్నదనియు, దాని లైసెన్సైన జీపీఎల్ షరతు ప్రకారము ఇయ్యవలసిన సోర్సు కోడు ఇయ్యలేదనియు బయటపడినప్పుడు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను ఆ సంస్థను కొన్న సిస్కోతో సంప్రదింపులు జరిపినది. విడుదలైన ఆ కోడునుండియే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అను రౌటరుల స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పుట్టినది. ఇతర ఉత్పత్తుల విషయమున లోపములు ఏండ్లతరబడి తీరకపోగా, 2008 డిసెంబరులో ఆ ఫౌండేషనే సిస్కోపై దావా వేసినది; 2009లో రాజీ కుదిరినది.

తెలుగు పత్రికలతో అంతదూరము పోవలసిన అగత్యము అరుదు. నెల గడచినను బదులు రానిచో, మొదటి లేఖ ప్రతిని జతచేసి రెండవది వ్రాయవలెను. అందును స్వరము పెంచనక్కరలేదు, గడువు తేదీ ఒక్కటి చేర్చిన చాలును. వెబ్ ప్రతిలో పేరు ఆనాడే చేర్చవచ్చును. అచ్చు సంచికకైనచో, మరుసటి సంచికలో అదే పుటయందు సవరణ వేయుమని అడుగవలెను; ‘అయిపోయినది గదా’ అన్న జవాబునకు ఒప్పుకొనరాదు.