ట్రైలర్ కాదు బాస్, పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పండి

హాలో నైట్: సిల్క్‌సాంగ్‌ను టీమ్ చెర్రీ ప్రకటించింది 2019 ఫిబ్రవరిలో. గేమ్ వచ్చింది 2025 సెప్టెంబర్ 4న. మధ్యలో 2022 ఎక్స్‌బాక్స్ షోలో 12 నెలల్లోపు అన్నారు, 2023 మేలో వాయిదా అన్నారు, ఆ తర్వాత దాదాపు మౌనమే. 'ఇంకా చేస్తూనే ఉన్నాం' అని పదేపదే చెబితే జనానికి విసుగొస్తుందనుకున్నాం అనేది వాళ్ల వివరణ. గేమ్ అదిరింది, అందరూ మర్చిపోయారు. నాకు మాత్రం ఆ లాజిక్ ఎక్కదు.

ఎందుకంటే ఫ్యాక్టోరియో ఉంది. వూబ్ సాఫ్ట్‌వేర్ 2013లోనే 'ఫ్రైడే ఫ్యాక్ట్స్' మొదలుపెట్టింది. స్పేస్ ఏజ్ కోసం 2023 ఆగస్టు నుంచి మళ్లీ శుక్రవారం శుక్రవారం రాసింది. అందులో హంగామా ఉండదు. పైపుల్లో ద్రవం పారే పాత సిస్టమ్‌లో తేడా ఎక్కడుంది, కొత్తది ఎలా పనిచేస్తుంది... ఇలాంటివే. నేనైతే గేమ్ ఆడినంత ఇష్టంగా చదివా! 2024 అక్టోబర్ 21న గేమ్ వచ్చేసరికి ఏం కొంటున్నామో మనకు పక్కాగా తెలుసు.

కథ ఉన్న గేమ్‌కి ఇది కుదరదు, స్పాయిలర్ అయిపోతుంది అంటారు. సరే, బాస్ ఫైట్లు దాచుకోండి. స్విచ్‌లో ఫ్రేమ్ రేట్ ఎందుకు పడిపోతోందో చెబితే ఏ కథ లీకవుతుంది? ప్రీ-ఆర్డర్ బటన్ పెట్టేముందు ఆ మాత్రం చెప్పరా?