మూయకముందే చూడవలెను

అమెరికాలో పౌరుడు తన యింటనే చిన్న విమానమును నిర్మించుకొనవచ్చును. ఈ స్వేచ్ఛను మేము హర్షింతుము. కాని ప్రభుత్వ పరీక్షకుడు సాధారణముగా వచ్చునది పని ముగిసిన పిదపనే. రెక్కపై గుడ్డ కప్పిన వెనుక లోపలి జిగురు అతుకును, రేకు బిగించిన వెనుక లోపలి రివెట్టును ఎవరు చూడగలరు? బ్రిటనులో లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ వారి తనిఖీదారులు నిర్మాణదశలందే చూచి సంతకము చేయుదురు. అమెరికాలో 1953లో స్థాపితమైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ వారి స్వచ్ఛంద సలహాదారులు పిలిచినచో వత్తురు. పిలిచి తీరవలెనను నిర్బంధము లేదు.

తన వ్యాజ్యమునకు తానే తీర్పరి కారాదన్నది న్యాయసూత్రము. నిర్మాత సాహసము తన ప్రాణముతోనే పోదు. పక్క ఆసనమున కూర్చుండు మిత్రుడు ఆ అతుకును ఎన్నడును చూచియుండడు. వానికొరకైనను, మూతకు ముందు పరుల తనిఖీని శాసనము విధింపవలెనని మా యభిప్రాయము.